బర్రె తిన్న బుట్ట

పోయిన ఆదివారం ప్రొద్దుటూరులో గది మారాను. మూడేళ్లలో ఇది నాలుగో గది. సామాను పెద్దగా లేదు. ఒక పరుపు, ఒక స్టవ్వు, ఒక ట్రంకు పెట్టె, గోనెసంచి నిండా పుస్తకాలు, గడ్డితో అల్లిన ఒక బుట్ట. ఆటో ఆయన గోనెసంచి లేపలేక లేపి, "ఏముండాయమ్మా దీంట్లో, ఎర్రగుంట్ల సిమెంటా?" అంటూ నేను వద్దనేలోపే దాన్ని బుట్ట మీద కూలేశాడు. వద్దనడానికి నాకెప్పుడూ కాస్త సమయం పడుతుంది. ఆ కాస్తలో లోకంలో చాలా పనులు జరిగిపోతాయి. కొత్త గదిలో సంచి దించి చూస్తే బుట్ట అప్పడంలా అణిగిపోయి ఉంది. ఇంటి ఓనరమ్మ చూసి "అయ్యో, పోయిందే" అంది. పోలేదని నాకు తెలుసు. బకెట్లో నీళ్లు పట్టి ముంచాను. కాసేపటికి తడిగడ్డి వాసన, దాని వెనకాలే సన్నగా పొగ వాసన గదంతా పట్టుకున్నాయి. ఇక నాకు కాలు నిలవలేదు. స్టవ్వు బిగిస్తూ మధ్యలో లేచాను, పుస్తకాలు సర్దుతూ లేచాను, అన్నం తింటూ ఎడమచేత్తో కంచం పట్టుకునే లేచాను. ప్రతిసారీ వెళ్లి బకెట్లోకి తొంగిచూసి వచ్చాను. ఆ బుట్ట అల్లినామెకు నేనొక మాట ఇచ్చాను. బుట్ట ఇల్లు మారినప్పుడల్లా అది ఎక్కడ ఉందో చెబుతానని. నాలుగు గదులు మారాను, ఒక్కసారీ చెప్పలేదు.

ఈ కథ చెప్పాలంటే ముందు మా చిన్నమామ గురించి చెప్పాలి. అమ్మకు తమ్ముడు. పులివెందుల చుట్టుపక్కల బోరు లారీ మీద ఆపరేటరుగా చేసేవాడు. ఇంటికి వచ్చేసరికి తల నుంచి కాలి దాకా రాతిపొడి ఉండేది, నవ్వితే కనిపించే పళ్లు మాత్రమే ఆయనవి. బత్తాయినే మేం చీనీ అంటాం, ఆ తోటల కోసం బోరు ఎంత లోతు దించినా దుమ్మే లేస్తున్న రోజుల్లో, కంపెనీవాళ్లు ఒక లారీని ఓడెక్కించి ఆఫ్రికాలో పడమటి వైపున ఉన్న ఘనా దేశానికి పంపుతూ మామను కూడా పంపారు. మా వీధిలో ఎవరు దేశం దాటినా కువైటుకే. అందుకని మా అవ్వ, అంటే మామ తల్లి, ఎవరడిగినా "కువైటుకు ఆపక్కన" అని చెప్పేది. ఎంత ఆపక్కనో ఆమెకు తెలియదు, అడిగినవాళ్లకూ తెలియదు కాబట్టి మాట అక్కడితో ఆగేది.

మామ వారానికొకసారి ఫోను చేసేవాడు. ఆ దేశానికి ఉత్తరాన ఎండకు మాడే పల్లెల్లో బోర్లు వేస్తున్నారు. "మన ముద్దనూరు మాదిరే ఉండాది మే పాపా. ఎండ అదే, మేకలు అవే, నీళ్ల కోసం మనుషులు మిషన్ దిక్కు చూసే చూపు కూడా అదే" అనేవాడు. ఒక ఊళ్లో రెండో బోరుకు నీళ్లు పడ్డాయి. అక్కడి ఒక ముసలామె తన ఇంటి వాకిట్లోనే వీళ్లకు బస ఇచ్చింది. మామ ఆమెను కూడా అవ్వ అనే పిలిచేవాడు. ఆమె పేరు నా డైరీలో ఉంది. ఇక్కడ రాయను, ఎందుకంటే సరిగా పలకడం నాకింకా రాదు. ఆ ఊరి ఆడవాళ్లు గడ్డితో బుట్టలు అల్లుతారు. ఆ గడ్డి ఇప్పుడు వాళ్ల దగ్గర పెద్దగా దొరకదు, ఆ దేశంలోనే దక్షిణం వైపు నుంచి వస్తుంది. ఒక్కొక్క పరకను ముందుపళ్ల మధ్య పట్టుకుని రెండుగా చీల్చి, ఆ పాయలను అరచేతుల మధ్య నలిచి పురి పెట్టి, మరిగే రంగు కుండల్లో ముంచి ఆరబెట్టి, అప్పుడు అల్లడం మొదలు పెడతారు. ఒక బుట్టకు మూడు నాలుగు రోజులు పడుతుంది. పిడికి తోలు తొడగడం మాత్రం మగవాళ్ల పని. మామ ఇదంతా చెబుతుంటే మా అవ్వ తన ముందుపళ్లను నాలుకతో తడుముకుంటూ వినేది. ఆమెకు రెండే మిగిలాయి.

వాళ్లకొక సంఘం ఉందట. బుట్టకు ఎంత రావాలో అల్లినవాళ్లే ముందుగా చెబుతారు, ఒప్పుకున్నవాళ్లకే అమ్ముతారు. ప్రతి బుట్టకూ అల్లినామె పేరు రాసిన చీటీ కడతారు. అవ్వ ఈ మాట నమ్మలేదు. "చేసినోళ్లే రేటు చెప్తారా? ఎవురు చెప్పినారురా నీకు?" అంది. మా చీనీకాయలకు రేటు చెప్పేది ఎప్పుడూ మండీ ఆయనే, అది కూడా కాయను చేతిలో తిప్పి, ముఖం చిట్లించి, మనమేదో తప్పు చేసినట్టు చెబుతాడు. అవ్వకు రేటు సంగతి నచ్చింది. నన్ను పట్టుకుంది మాత్రం ఆ చీటీ. ఒకరోజు ఆ ఊరి అవ్వ మామతో అందట. "నా పేరు చీటీ మీద దేశాలు తిరుగుతాది. తిరిగి యాడికి చేరిందో, ఎవురింట్లో ఉండాదో, దాంట్లో ఏం పోసుకుంటాండారో ఇన్నేళ్లలో ఒగరూ చెప్పల్యా." మామది ముందు నోరు, తర్వాత ఆలోచన. "నాలుగు బుట్టలు మా ఊరికి పంపుతా. నాలుగూ ఎవురి దగ్గర ఉండాయో మొగాలతో సహా ఫోటోలు చూపిస్తా" అని మాటిచ్చేశాడు. ఆమె ఒకటి తన చేత్తో అల్లింది, మిగతా మూడు వాకిట్లోని మరో ముగ్గురు అల్లారు. ఫోటోల పని నాకు పడింది. "నువ్వు చదువుకున్నదానివి, ఊరికే ఇంట్లో ఉండావు కదా" అన్నాడు మామ. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న మాట నిజమే. కానీ నేను అంగట్లో ఏం కావాలో చెప్పలేక, అంగడాయన ఏది ఇస్తే అది తెచ్చుకునే మనిషిని. మా ఇంట్లో ఒక ఏడాదంతా ఒకే రకం సబ్బు వాడడానికి కారణం అదే.

బుట్టలను ప్రొద్దుటూరు భాయ్ తెచ్చాడు. ఆయన మామతో పాటు అదే లారీ మీద పనికి వెళ్లి, సెలవుకు తిరిగి వచ్చినవాడు. పెట్టె తెరిచి తాడుతో కట్టిన నాలుగు చదునైన చక్రాలు తీసి నులకమంచం మీద పెట్టాడు. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ గీతలు. అంచున తోలు పిడి మడతపడి అతుక్కుపోయి ఉంది. అవ్వ అటూ ఇటూ తిప్పి చూసింది. "బుట్టలంటివి కదప్పా. రోడ్డు రోలరు ఎక్కినట్టుండాయి."

"ఏం చెయ్యాలవ్వా, ఆడనే అణగదొక్కి ఇచ్చినారు, పెట్టెలో పట్టవని" అన్నాడు భాయ్, తనే తొక్కినంత సిగ్గుపడుతూ. అవ్వ ఒకదాన్ని లాగి చూసింది. పటుక్కుమని చప్పుడైంది. ఇక ఎవరూ ముట్టుకోలేదు. భాయ్ వెళ్లాక అవ్వ మా అందరినీ దగ్గరికి పిలిచింది. కొడుకు దేశం దాటి వెళ్లి విరిగిన బుట్టలు పంపాడని బంధువుల్లో అనిపించుకోవడం ఆమెకు ఇష్టం లేదు. "బుట్టలని ఎవురికీ చెప్పొద్దండి. కూసునే చాపలని చెప్పండి. ఆఫ్రికాలో రాజులు కూసుంటారని చెప్పండి." అట్లా ఒక చాప జమ్మలమడుగు పెద్దమ్మకు వెళ్లింది. ఒకటి భాయ్ ఇంటికే ఇచ్చాం. ఒకటి పులివెందులలో మామ మొదటి బోరు వేసిన చీనీ తోట పెద్దాయనకు. నాలుగోది, ఆ ఊరి అవ్వ పేరు చీటీ ఉన్నది, మా ఇంట్లో ఉండిపోయింది. చాప అని చెప్పిందే కానీ, నేల మీద కూర్చుంటే లేవలేని అవ్వకు చాపతో పనేముంది? దాన్ని తీసుకెళ్లి బర్రె కుడితి తొట్టికి మూత పెట్టింది.

పది రోజులు గడిచాయి. మామ ఫోటోలు అడుగుతున్నాడు. ఆ ఊరి అవ్వ రోజూ అడుగుతోందట. నేను ఏవో సాకులు చెబుతున్నాను. రాత్రి చదువుకున్న పుస్తకం, రాత్రుళ్లు చదివితే తిట్టే అవ్వకు పొద్దున కనపడకుండా దాచిపెట్టడానికి కొట్టం వైపు వెళ్లాను, చూసి నిలబడిపోయాను. అవ్వ ఆ తెల్లవారుజామునే గంజి, వేడి కడుగునీళ్లు, తవుడు, ఉప్పు కలిపి తొట్టిలో పోసి ఉంది. ఆ ఆవిరికి మూత మెత్తబడి, జారి తొట్టిలో పడి, నాని, తనంతట తాను విచ్చుకుంది. నిండు పొట్ట, గుండ్రటి అంచు, పైకి లేచిన పిడి. అది విరగలేదు. ఇన్నాళ్లూ బుట్టగానే ఉంది, నీళ్ల కోసం ఎదురుచూసింది. అంత అందమైన బుట్టను నేను అంతవరకు చూడలేదు. చూసింది కూడా సగమే. తక్కిన సగాన్ని మా బర్రె కళ్లు మూసుకుని నములుతోంది. కుడితి ఉప్పు పట్టిన గడ్డి దానికి పండగ. నేను అరవాలి. అరుపు నా గొంతులో కూర్చుని ఆలోచించుకునే లోపల రెండో సగం కూడా లోపలికి వెళ్లింది. తోలు పిడిని మాత్రం ఉమ్మేసింది.

అవ్వ వచ్చి పిడిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఎవురికీ చెప్పొద్దు" అంది. ఆ మాట మా ఇంట్లో అన్ని రోగాలకూ మందు. మామకు ఫోను చేసి, నాలుగోదాని సంగతి ఎత్తకుండా, మిగతావి ఎట్లా తెరవాలని అడిగాను. "నీళ్లల్లో ముంచాల మే. నేను చెప్పల్యా?" అన్నాడు. చెప్పలేదు. ఆయనకు అది ఎంత మామూలు సంగతి అయిపోయిందంటే, మనకు తెలియదని తోచనేలేదు.

అప్పుడు మొదలైంది నా తిరుగుడు. ముగ్గురి ఇళ్లకు వెళ్లి, మీకిచ్చింది చాప కాదు బుట్ట అని చెప్పి, వాళ్ల బకెట్లోనే ముంచి లాగి, ఫోటో తీసుకోవాలి. చెప్పాల్సిన మాటలు డైరీలో రాసుకుని బస్సులో బట్టీ పట్టాను. జమ్మలమడుగు పెద్దమ్మ నా మాటలన్నీ విని, "అయితే ఇన్ని దినాలు నేను కూసున్యది బుట్ట మీదనా? మీ అవ్వకు బుద్ధి ఉండాదా మే?" అంది. కానీ నీళ్లలో అది విచ్చుకుంటుంటే ముఖం మారిపోయింది. వెంటనే తెల్లగడ్డలు, అంటే వెల్లుల్లి, తెచ్చి పోసి, పక్కన కూర్చుని, కొంగు సర్దుకుని ఫోటో దిగింది. చీనీ తోట పెద్దాయన బుట్టను జీపు సీట్లో నడుము వెనకాల పెట్టుకుని ఉన్నాడు. అది నీళ్లలో విచ్చుకున్నాక దాని నిండా చీనీకాయలు పోయించి, నలుగురిని పిలిచి చుట్టూ నిలబెట్టి, మెడలో కండువా వేసుకుని దిగాడు. "ఆడ వాళ్లకు ఏమన్నా ఇబ్బంది ఉంటే నాకు ఫోన్ చెయ్యమను పాపా" అని కూడా అన్నాడు. ప్రొద్దుటూరులో మేం చాచీ అని పిలిచే భాయ్ భార్య దాన్ని టీవీ పైన గోడకు మేకు కొట్టించి తగిలించుకుంది. దించుతుంటే బాధపడింది. "మేకు కొట్టేదానికి మనిషిని పిలిపించినా బేటీ. ఇప్పుడు ఆ మేకుకు ఏం తగిలించేది?" అంటూనే బుట్టలో ఎండు ఖర్జూరాలు పోసి నవ్వుతూ నిలబడింది.

మూడు ఫోటోలు వెళ్లాయి. ఆ ఊళ్లో ముగ్గురు ఆడవాళ్లు తమ బుట్టలను గుర్తుపట్టి చప్పట్లు కొట్టారని మామ చెప్పాడు. తెల్లగడ్డలు చూసి ఒకామె తన ఇంట్లోని తెల్లగడ్డలు తెచ్చి ఫోను పక్కన పెట్టుకుందట. "ఇంగ అవ్వదే మే. అందరివీ వచ్చినాయి, ఆమెదే రాల్యా. రోజూ నా ఫోనే చూస్తాంది" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నేను ఒకచోట కూర్చోలేదు. వాకిట్లోకి, ఇంట్లోకి, కొట్టంలోకి. బర్రె నన్ను చూసి మూతి నాకింది. చివరికి మా అవ్వే ఉపాయం చెప్పింది. "ప్రొద్దుటూరుది ఒగ దినానికి అడిగి తే. తిప్పి పెట్టి తీస్తే ఎవురికి తెలుస్తాది?" నాకు నచ్చలేదు. అయినా వెళ్లాను. నచ్చలేదని చెప్పడం కంటే ప్రొద్దుటూరు దాకా బస్సులో వెళ్లి రావడమే నాకు సులభం. చాచీ ఎందుకని అడగకుండా ఇచ్చింది. అవ్వ దాంట్లో చింతపండు పోసుకుని, రెండు పళ్లూ కనపడేలా నవ్వింది. ఫోటో పంపేశాను.

రెండు రోజులు మామ నుంచి ఫోను లేదు. మూడో రోజు చేసి, ఎప్పుడూ లేనంత మెల్లగా మాట్లాడాడు. "ఆమె చూసింది మే. 'ఇది నా చెయ్యి కాదు' అనింది. అంచు కట్టు చూపించింది, పక్కింటామెది అని. తిప్పి పెట్టినారని కూడా కనుక్కునింది. ఇంగ ఏం అనల్యా. పొద్దున నాకు గంజి పెట్టి, ఆపక్కకు తిరిగి కూసునింది." మళ్లీ తనే అన్నాడు. "నాది పోయింది అనుకుంటాంది. యాడనో పారేసినారనుకుంటాంది. ఏమైందో చెప్పు పాపా."

చెప్పాను. మామ ముందు నవ్వాడు, తర్వాత నవ్వలేదు. "నేను చెప్పను. అబద్ధం నువ్వు పంపినావు, నిజం గూడా నువ్వే పంపు. రికార్డు చెయ్యి, ఆమె మనవరాలికి ఇంగ్లీషు వచ్చు" అన్నాడు. నా ఇంగ్లీషు అంతా పుస్తకాల్లోది. కళ్లకు వచ్చు, నోటికి రాదు. కొట్టంలో బర్రె పక్కన నిలబడి ఎన్నిసార్లు మొదలు పెట్టి చెరిపానో లెక్కలేదు. చివరికి వెళ్లినదాంట్లో బర్రె మెడలో గంట కూడా వినబడుతుంది. మేము తప్పుగా చాప అన్నామని, అది కుడితి ఆవిరికి తెరుచుకుందని, సగం బుట్టను నేను చూశానని, అంత మంచి బుట్టను ఎప్పుడూ చూడలేదని, మిగిలింది పిడి ఒకటేనని చెప్పాను. ఫోటో గురించి కూడా, అది మోసమని చెప్పాను. పిడిని చేతిలో పట్టుకుని, బర్రె పక్కన నిలబడి, నా ముఖం కనపడేలా ఒక ఫోటో తీసి పంపాను. నా అంతట నేను తీసుకున్న మొదటి ఫోటో అది.

జవాబు మర్నాడు వచ్చింది. మామ చెప్పినదాన్ని బట్టి ఆమె ముందుగా అడిగింది బర్రె బాగుందా అని. రంగు కడుపులో పడి దానికి ఏమైనా అయిందేమోనని భయపడింది. బాగుందని చెప్పాక, ఆ పూట పాలు ఇచ్చిందా అని అడిగింది. ఇచ్చింది. అప్పుడు నవ్వడం మొదలు పెట్టిందట. వాకిలంతా నవ్వింది. పిడి ఫోటో చూసి, అది నా పని కాదు, తోలు పనాయనది, నేను చేసినదంతా మీ బర్రెకు నచ్చింది అందట. చివర్లో బర్రె పేరు అడిగింది. మా బర్రెకు పేరు లేదు. అవ్వ దాన్ని "నీ నోట్లో మన్ను పొయ్య" అని పిలిచేది. అదే చెప్పమంది అవ్వ. మామ దాన్ని ఇంగ్లీషులోకి ఎట్లా మార్చాడో నాకు తెలియదు.

ఆరు నెలలకు మామ సెలవుకు వచ్చినప్పుడు పెట్టెలో ఈ బుట్ట ఉంది, చీటీ మీద ఆమె పేరుతో. అణగదొక్కే తెచ్చాడు. ఈసారి వీధివాళ్లందరి ముందు తొట్టిలో ముంచాడు, బర్రెను అవతల కట్టేసి. ఇది నాకు. షరతు ఒకటే. ఇది ఏ ఇంట్లో ఉంటే ఆ ఇల్లు ఆమెకు తెలియాలి. మామ ఫోను కలిపితే మనవరాలి ద్వారా ఆమెకే "చెప్తా" అన్నాను. ఆ తర్వాత నాకు ప్రొద్దుటూరు కాలేజీ ఆఫీసులో పని వచ్చింది, బుట్ట నాతో వచ్చింది. మొదటి గదిలో వెలుతురు బాగాలేదని ఆగాను. రెండోదాంట్లో గోడలు పెచ్చులూడి ఉన్నాయని. మూడోదాంట్లో నా ముఖమే బాగాలేదనిపించింది. ప్రతిసారీ రేపు అనుకున్నాను. నిద్రపట్టని పూటల్లో ఆపక్కకు తిరిగి కూర్చున్న ఆమె వీపు కనిపించేది, నేనెప్పుడూ చూడని వీపు.

ఆదివారం, బుట్ట నీళ్లలో నానుతుండగా, మామకు ఫోను చేసి ఆ ఊరి అవ్వ ఎట్లా ఉందని అడిగాను. మామ ఇప్పుడు ఆ దేశంలోనే వేరే ఊళ్లో ఉన్నాడు. "ఉండాది మే, బాగుండాది. చూపే తగ్గింది. అల్లేది మనవరాలికి ఇచ్చేసింది. అప్పుడప్పుడు అడుగుతాది, ఆ పాప ఇంగా ఇల్లు మారల్యానా అని." ఫోను చెవికి పెట్టుకునే వెళ్లి మళ్లీ బకెట్లోకి తొంగిచూశాను. "ఫోటో పంపితే ఆమెకు కనపడదు ఇంగ. నోటితో చెప్పు" అన్నాడు మామ. గోడలు ఎట్లా ఉన్నాయి, వెలుతురు ఎంత ఉంది అని నేను చూసుకుంటూ కూర్చున్న రోజుల్లోనే ఆమె చూపు వెళ్లిపోయింది.

బుట్టను లాగి, పొట్టలోకి పిడికిలి పెట్టి గుండ్రం చేసి, కిటికీలో ఆరబెట్టాను. బర్రెను అమ్మేసి రెండేళ్లయింది, అవ్వ ఇప్పుడు పాకెట్ పాలు కొంటూ రోజూ తిడుతుంది. ఆ పిడి ఇంకా నా ట్రంకు పెట్టెలోనే ఉంది. ఫోను చేతిలోకి తీసుకుని రికార్డు మొదలు పెట్టాను, చెరిపాను, గది చుట్టూ ఒకసారి తిరిగి మళ్లీ మొదలు పెట్టాను. కిటికీ తూర్పుకు ఉందని, కింద సందులో మల్లెపూలామె అరుస్తోందని, బుట్టలో రేపటి నుంచి నా పుస్తకాలు ఉంటాయని, దీనికి ముందు మూడు గదులు ఉండేవని, అవి చెప్పనందుకు క్షమించమని, ఒక్కో గదినీ వరసగా చెప్పుకుంటూ పోయాను. ఈసారి చెరపకుండా ఆమె మనవరాలి ఫోనుకు పంపాను. తడిసిన బుట్ట ఆరడానికి ఒక పగలు చాలు. నోరు తెరవడానికి నాకు మూడేళ్లు పట్టింది.